ఖిల్లా బజారులో పసుపు గీత

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా సైకిలు మీద నుంచి పడటం మొదలుపెట్టింది. సైకిలు కొత్తది కాదు, దారీ కొత్తది కాదు. ఖమ్మంలో ఖిల్లా గుట్టకు ఆనుకుని ఉన్న పాత బజారులో మేం కిరాయికి ఉండేవాళ్ళం. ఎదురుగా ఒక బండి వస్తే గోడకు ఒత్తిగిలి నిలబడాల్సిన సందులవి. వాటిలోనే ఆటోలు, ట్రాలీలు, నీళ్ళ క్యాన్ల బండ్లు తిరుగుతుంటాయి. అయినా చిన్నప్పటి నుంచీ అది ఆ సందుల్లోంచే బడికి పోయేది. అలాంటిది ఒక సాయంత్రం ఆగి ఉన్న ఆటోను గుద్దింది. కొన్నాళ్ళకు గోడ పక్కన పడుకున్న బర్రె మీదికి ఎక్కించింది. ఇంకోరోజు మోచేయి చర్మం లేచిపోయి ఇంటికొచ్చింది.

"అమ్మా, అది అక్కడ లేదు. నేను చూసినప్పుడైతే లేదు" అన్నది.

ఏది లేదే అని అడిగితే, కరెంటు స్తంభం అన్నది.

హైదరాబాదులో కంటి దవాఖానాలో రోజంతా పరీక్షలు చేశారు. చీకటి గదిలో కూర్చోబెట్టి, చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను గోడ వారగా స్టూలు మీద కూర్చున్నాను. పరీక్ష చేసే అమ్మాయి ముందున్న తెర మీద ఏవో గుర్తులు పడుతూనే ఉన్నాయి. మా దాని వేలు కదలటం లేదు. చాలాసేపు కదలలేదు. నేను పోయి దాని వేలు పట్టుకుని నొక్కేద్దామా అనిపించింది.

డాక్టరమ్మ నా ఈడుదే. దాపరికం లేకుండా చెప్పింది. ఇది పుట్టుకతో వచ్చే జబ్బు. చూపు చుట్టూ అంచుల నుంచి మూసుకుపోతూ వస్తుంది. ఇప్పుడు పిల్ల ఒక గొట్టంలోంచి చూస్తున్నట్టు చూస్తోంది, రానురాను ఆ గొట్టం సన్నబడుతుంది. ఆపరేషన్ లేదు, మందు లేదు. "చూపు కాస్త ఉండగానే కర్ర పట్టుకుని నడవటం నేర్పించండి. తర్వాత నేర్చుకోవటం కష్టం" అంది.

మా ఆయన కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళిపోయాడు. తిరుగు ప్రయాణంలో రైల్లో అది కిటికీ పక్కన కూర్చుని, దూరాన వచ్చే స్టేషన్ల పేర్లు మాకంటే ముందే చదివి చెబుతోంది. నేను దాని ఒడిలో పెట్టిన అరటిపండు మాత్రం దానికి కనబడలేదు. లేచినప్పుడు కింద పడి నలిగిపోయింది.

మా ఆయనకు అటవీ శాఖలో కొలువు. అప్పుడు దుమ్ముగూడెం అవతల అడవిలో డ్యూటీ. వారానికోసారి వచ్చేవాడు. ఆ ఏడు వచ్చినప్పుడల్లా ఎవరో ఒక మందులాయన గురించి విని వచ్చేవాడు. గోదావరి దాటి, బస్సు దిగి, నడిచి, కొండరెడ్ల ఊళ్ళలో, కోయగూడేల్లో ఎవరెవరి ఇళ్ళ ముందో కూర్చున్నాం. వాళ్ళు మాతో మంచిగానే మాట్లాడారు. ఒక ముసలాయనైతే పిల్ల కళ్ళలోకి చాలాసేపు చూసి, ఇది తన చేతిలో లేదని చెప్పి పంపించాడు. భద్రాచలంలో బస్టాండు దగ్గర దొరికిన ఇంకొకడు మాత్రం కళ్ళల్లో పసరు పోశాడు. పిల్ల నేల మీద పడి దొర్లింది. ఆ తర్వాత మా ఆయన మందుల మాట ఎత్తలేదు.

సైకిలును బోనకల్‌లో ఉండే మా ఆడపడుచు పిల్లలకు ఇచ్చేశాం. ఇచ్చే ముందు రోజు అది దాన్ని సబ్బు పెట్టి కడిగింది, చక్రాలు తుడిచింది. ట్రాలీలో ఎక్కిస్తున్నప్పుడు బయటికి రాలేదు.

ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే ఒక మేడం మాకు మడతపెట్టే తెల్ల కర్ర ఇచ్చింది. ఎట్లా పట్టుకోవాలో, ముందుకు ఎట్లా ఆడించాలో మా ఇద్దరికీ డాబా మీద నేర్పింది. డాబా మీద బాగానే నడిచేది. కిందికి దిగితే కర్రను మడిచి సంచిలో పెట్టుకునేది.

"గల్లీ దాటినాక తీస్తా" అనేది. గల్లీ దాటినా తీసేది కాదు.

"అందరు చూస్తరమ్మా" అన్నది ఒకరోజు.

"చూస్తే చూడనీయే."

"నీకేం, నువ్వు వాళ్ళ మొకాలు చూడగలవు. వాళ్ళు నన్ను చూసి ఏం మొకం పెడుతున్రో తెల్వకుంటనే నేను నడవాలె."

నేను అప్పుడు ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతుండేదాన్ని. మాటలు నా పని. ఆ రోజు మాత్రం దాని సంచి అందుకుని, చేయి పట్టుకుని గల్లీ దాటించాను.

మేముండే ఇల్లు ఒక ముస్లిం కుటుంబానిది. ఎన్నో తరాల నుంచి ఆ బజారులోనే ఉన్నారు. కింద వాళ్ళ రేకు పని దుకాణం. పెట్టెలు, వడ్ల డబ్బాలు, బకెట్లు చేసేవాళ్ళు. పైన రెండు గదులు మావి. ఇంటి పెద్దావిడను వాళ్ళ వరసలోనే ఖాలా, అంటే పిన్నమ్మా, అని పిలిచేదాన్ని. దుకాణం నడిపేది ఆమె కొడుకు. నా కన్నా కొంచెం చిన్నవాడు, ఎప్పుడూ సుత్తి చేతిలో ఉండే మనిషి. నేను భాయ్ అనేదాన్ని, అతను టీచరమ్మా అనేవాడు.

పిల్ల పదో తరగతి పరీక్షలకు చదువుతుండగా బజారు మొదట్లో ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఖిల్లా చుట్టూ, పాత బజారులో నడక దారులు, సైకిలు దారి వేస్తారట. ఫ్లెక్సీలో మా బజారును గుర్తుపట్టలేనంత అందంగా గీశారు. వెడల్పాటి ఫుట్‌పాత్, చెట్లు, సైకిలు మీద నవ్వుతున్న పిల్ల. ఫుట్‌పాత్ మధ్యలో పొడుగూతా ఒక పసుపు గీత. ఆ గీత ఏమిటో చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. హైదరాబాదులో రైల్వే ప్లాట్‌ఫారం మీద చూశాను. చూపు లేనివాళ్ళ కాలికీ కర్రకూ తగిలేటట్టు వేసే టైల్స్ అవి. బడికి పోయేదాన్నల్లా వెనక్కి తిరిగి ఇంటికి ఉరికాను.

"నీకు దారి వేస్తున్నరే" అన్నాను. ఆయాసంలో ఇంకేం అనలేకపోయాను.

మున్సిపల్ ఆఫీసు వాళ్ళు షాదీఖానాలో మీటింగు పెట్టారు. దుకాణాల వాళ్ళంతా వచ్చారు. మెట్లు, అరుగులు తీసేస్తారని తెలిసి కోపంగా ఉన్నారు. మా ఇంటి భాయ్ అందరికన్నా ముందు లేచాడు.

"సార్, మా అబ్బాజాన్ కాలం నుంచి మెట్ల మీదనే మాల్ పెడుతున్నం. నడిచెటోళ్ళు నడుస్తనే ఉన్నరు గదా. వాళ్ళకు కొత్తగ టైల్స్ ఎందుకు?" అన్నాడు.

చాలామంది చప్పట్లు కొట్టారు. నేను ఆడవాళ్ళ వరసలోంచి లేచాను. లేచాక గాని తెలియలేదు, పిల్ల చూపు సంగతి బంధువుల్లో కూడా చాలామందికి చెప్పలేదని. అంతమంది ముందు చెప్పేశాను. నా బిడ్డకు కండ్లు పోతున్నయి, అది ఈ బజారులో నడవాలె, ఆ పసుపు టైల్స్ దాని కోసం అన్నాను. చెప్పి కూర్చున్నాను.

నా పక్కన కూర్చున్న ఖాలా, తన కొడుకును పేరు పెట్టి పిలిచి, "మెట్లు తీసెయ్యిరా. బిడ్డ నడవాలె" అన్నది.

అతను తల వంచుకున్నాడు. మరునాడు పొద్దున తన చేతులతోనే మెట్లు పగలగొట్టాడు. మిగతావాళ్ళు అంత తొందరగా వినలేదు గానీ, తీశారు.

వానలకు ముందు తవ్వకం మొదలుపెట్టారు. రెండు పక్కలా నడుము లోతు గుంత. పైపులు వేశారు. తర్వాత కాంట్రాక్టరుకూ ఆఫీసుకూ ఏదో తగాదా వచ్చిందని పనివాళ్ళు వెళ్ళిపోయారు. వానలు పడ్డాయి. గుంతల్లో నీళ్ళు నిండి, ఏది దారో ఏది గుంతో కళ్ళున్నవాళ్ళకే తెలియకుండా పోయింది.

అప్పుడే పిల్ల ఇంటర్‌లో చేరింది. కాలేజీ మా ఇంటి నుంచి నడిచిపోయే దూరమే. దుకాణం ముందు గుంత మీద ఒక చెక్క వేశారు. ఆ చెక్క మీద నేను వెనక్కి నడుస్తూ, దాని రెండు చేతులూ పట్టుకుని దాటించేదాన్ని. వాన ఎక్కువైతే చెక్క తేలిపోయేది. అప్పుడు భాయ్ దుకాణంలోంచి వచ్చి పిల్లను ఎత్తి అటు దించేవాడు. కాలేజీకి పోయే ఆడపిల్లను పట్టపగలు బజారంతా చూస్తుండగా ఎత్తి దించటం. అతను మొహం పక్కకు తిప్పుకుని ఎత్తేవాడు. అది కళ్ళు మూసుకునేది.

దాన్ని కాలేజీలో దిగబెట్టి నేను బడికి పోయేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. మధ్యాహ్నం మళ్ళీ తీసుకురావాలి. హెడ్ మేడం కొన్నాళ్ళు ఊరుకుంది. తర్వాత పిలిచి, "మీ కష్టం నాకు అర్థమైతది. కానీ పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్రు. మీరే ఒక నిర్ణయం తీసుకోండి" అన్నది. తీసుకున్నాను. ఆ సాయంత్రం బడిలోంచి నా డస్టరు, నా గ్లాసు సంచిలో వేసుకుని వస్తుంటే, బురదలో ఒక చెప్పు దిగిపోయింది. తీసుకునే ఓపిక లేక రెండోది కూడా అక్కడే విడిచి వచ్చాను.

దసరా వెళ్ళాక పనులు మళ్ళీ మొదలయ్యాయి. గుంతలు పూడ్చారు, సిమెంటు పోశారు, బూడిదరంగు టైల్స్, వాటి మధ్యలో పసుపు టైల్స్ వేశారు. కర్ర ఇచ్చిన మేడం వచ్చి పిల్లకు చూపించింది. "పొడుగు గీతలుంటే నడువు. గుండ్రటి బుడిపెలుంటే ఆగు. ముందు మెట్టో మలుపో ఉన్నట్టు లెక్క."

పిల్ల కర్ర మడత విప్పింది. బజారులో అందరూ చూస్తున్నారు. కర్ర కొన గీతల మీద గరగరమంటుంటే నడిచింది. మా ఇంటి దగ్గర నుంచి మలుపు దాకా నా చేయి పట్టుకోకుండా నడిచింది. మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగి, "అమ్మా, ఎక్కడున్నవ్? ఇంత ఎనకబడ్డవేంది?" అని నవ్వింది. ఖాలా దుకాణం గుమ్మంలోంచి చూస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. జబ్బు పేరు విన్న తర్వాత నేను కడుపు నిండా అన్నం తిన్నది ఆ రోజే.

మలుపు తిరిగాక పసుపు గీత నేరుగా పోయి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉన్న ఇనుప కంచెకు తగిలేది. గీత కంచె లోపలికి పోయి, అవతల మళ్ళీ మొదలయ్యేది. పని చేయించే సూపర్‌వైజర్‌ను అడిగాను.

"దాన్ని కరెంటోళ్ళు జరుపుతరమ్మా. మాకు ఇచ్చిన డిజైన్ల గీత గిట్లనే ఉన్నది" అన్నాడు.

"అందాక బుడిపెల టైల్స్ అన్న వెయ్యిన్రి. ఆగాలని తెలుస్తది."

"గవి మాకు రాలేదు."

అక్కడ గీత వదిలి రోడ్డు మీదికి దిగి, మళ్ళీ ఎక్కటం పిల్లకు నేర్పాను. కంచెను కర్రతో తడిమి గుర్తుపట్టేది. ఆ అవతల మురికినీళ్ళు పోయే మోరీ చాంబర్లు ఉన్నాయి. పసుపు గీత వాటి మూతల మీదుగా పోయేది. మూతలు గట్టివే కదా అనుకున్నాను. కొన్ని వారాలు దాని వెనకే నడిచాను. అది రోజూ అడిగేది, "రేపు నేనొక్కదాన్నే పోతనమ్మా" అని. ఒక సోమవారం సరే అన్నాను. మలుపు దాకా పోయి అక్కడే నిలబడ్డాను.

అది కంచె తడిమింది, దిగింది, ఎక్కింది. గీత పట్టుకుంది. కొంచెం వేగంగా నడుస్తోంది. నేను చూస్తుండగానే లేకుండా పోయింది.

ముందు రోజు ఎవరో మోరీ తీయటానికి చాంబర్ మూత పక్కకు జరిపి, మళ్ళీ పెట్టకుండా వెళ్ళిపోయారు. అడ్డం ఒక కొమ్మ కూడా పెట్టలేదు. కర్ర ఆ ఖాళీ మీదుగా ఆడి అవతలి అంచుకు తగిలిందట. ఆ అంచు మీద కూడా గీతలే. దారి ఉందనుకుని కాలు వేసింది.

నేను అరిచిన అరుపు నాకు గుర్తు లేదు. బజారు వాళ్ళు ఇప్పటికీ చెబుతారు. భాయ్ దుకాణంలోంచి ఉరికొచ్చి లోపలికి దూకాడు. ఛాతీ దాకా మురికి. పిల్లను పైకి అందించాడు. నుదురు పగిలి ఉంది, ఎడమ మోకాలు పక్కకు తిరిగి ఉంది. "కర్ర... అమ్మా, నా కర్ర" అంటోంది. కర్ర దొరకలేదు. దవాఖానాకు పోయేటప్పుడు ఆటోలో ఆ మురికితోనే దాన్ని నా ఒడిలో పడుకోబెట్టుకున్నాను. దారిలో ఒక మాట అన్నది.

"నేను గీత మీదనే నడిచిన్నమ్మా. గీత తప్పలేదు."

మా ఆయన ఫోను కలవలేదు. అడవిలో సిగ్నల్ ఉండదు. అటవీ ఆఫీసు వాళ్ళు వైర్‌లెస్‌లో చెబితే, మరునాడు మధ్యాహ్నానికి వచ్చాడు, ఖాకీ బట్టలతోనే. పిల్ల కాలికి కట్టిన కట్టును చూసి, మంచం పక్కన నేల మీద కూర్చుని, దాని బాగున్న పాదాన్ని పట్టుకుని ఉండిపోయాడు.

పిల్ల ఇంటికొచ్చాక నేను మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగాను. పనులు చూసే ఇంజనీరు కుర్రవాడు. మర్యాదగానే కుర్చీ చూపించేవాడు.

"పసుపు టైల్స్ పెట్టాలని రూల్ ఉన్నదమ్మా, పెట్టినం" అన్నాడు.

"చాంబర్ల మీదకెల్లి ఎందుకు తీసుకపోయిన్రు సార్?"

"లైన్ సీదా ఉండాలె గదా."

"ట్రాన్స్‌ఫార్మర్ కంచె లోపలికెల్లి కూడ సీదానే పోయింది."

"అది మా శాఖ కాదమ్మా."

కరెంటు ఆఫీసుకు పోతే, జరపటానికి ఆ పని చేయించేవాళ్ళు అడగాలి, వాళ్ళు అడగలేదు అన్నారు. మోరీల వాళ్ళ దగ్గరికి పోతే, మూత తీసింది తమ మనుషులు కాదన్నారు. మళ్ళీ ఇంజనీరు దగ్గరికి పోయాను. ఆ రోజు అతను విసిగిపోయి ఉన్నాడు. "ఒక మాట అడుగుత, ఏమనుకోకున్రి. కనబడని పిల్లను ఒక్కదాన్నే ఎందుకు పంపిన్రు?" అన్నాడు.

నేను లేచి వచ్చేశాను. ఆ ప్రశ్న నన్ను నేను అడుక్కోని పూట లేదు. ఇంకొకరి నోటి నుంచి వినేసరికి దాన్ని తట్టుకోలేకపోయాను.

ఇంటికొచ్చేసరికి పిల్ల కిటికీ దగ్గర కాలు చాపుకుని కూర్చుని ఉంది. అప్పటికి దాని గొట్టం ఇంకా సన్నబడింది. కిందికి చూసినా బజారు కనబడదు. చప్పుళ్ళు వింటూ కూర్చునేది.

"మూత పెట్టిన్రా అమ్మా?"

"పెట్టిన్రు. మళ్ళ తీసిన్రు. ఇయ్యాల మళ్ళ తెరిచే ఉన్నది."

"పసుపు గీత అట్లనే ఉన్నదా?"

"అవ్."

"అయితే ఆ గీతను తీసేయించమ్మా. నా అసొంటోళ్ళు ఇంకెవరన్న వస్తే నమ్ముతరు" అన్నది.

తీసేయించమని అడగటానికి నేను ఇంకే ఆఫీసుకూ పోలేదు. కిందికి దిగి, దుకాణం మూలన నిలబెట్టి ఉన్న గడ్డపార తీసుకున్నాను. భాయ్ ఎవరితోనో బేరం మాట్లాడుతూ ఉన్నాడు, చూడలేదు. మలుపు దాటి, కంచె దాటి, తెరిచి ఉన్న చాంబర్ పక్కన పసుపు టైల్ మీద గడ్డపార దించాను. మొదటి దెబ్బకు చేతులు జివ్వుమన్నాయి గానీ టైల్ కదలలేదు. అంచు కింద పెట్టి ఎత్తాను, ఊడింది. ఆ తర్వాతది తొందరగా వచ్చింది. ఆ టైల్స్ కోసం నేనే నిండు షాదీఖానాలో లేచి నిలబడ్డాను. ఇప్పుడు ఒక్కోటి పగలగొట్టి రోడ్డు పక్కకు విసురుతున్నాను. చీర కుచ్చిళ్ళు ఊడిపోతే బొడ్లో దోపుకుని మళ్ళీ కొట్టాను. చుట్టూ జనం చేరారు. ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు.

భాయ్ పరుగెత్తుకొచ్చాడు. "టీచరమ్మా, ఏం చేస్తున్రు? ఆగున్రి, చేతులకు రక్తం వస్తున్నది."

"జరుగు భాయ్."

అతను జరగలేదు. నా చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. ఆపుతాడనుకున్నాను. నేను ఎక్కడ ఆపానో అక్కడి నుంచి మొదలుపెట్టి, చాంబర్ అంచు దాకా ఒక్క పసుపు టైల్ మిగలకుండా తీసేశాడు. తర్వాత దుకాణానికి పోయి మందపాటి రేకు తెచ్చి గుంత మీద కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టాడు.

సూపర్‌వైజర్ పోలీసులను తీసుకొచ్చాడు. సర్కారు ఆస్తి పగలగొట్టారని ఇద్దరినీ స్టేషన్‌కు తీసుకెళ్ళి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. కోపంగా ఎవరూ మాట్లాడలేదు. ఇంకోసారి ఇట్లా చేయబోమని రాయించుకుని పంపారు. ఖాలా మా పిల్లకు అన్నం కలిపి తినిపించి, స్టేషన్ గేటు దగ్గరికి వచ్చి కూర్చుంది.

మా ఆయన ఆ వారం వచ్చి అరిచాడు. "నేను సర్కారు కొలువు చేస్తుంటే, నువ్వు సర్కారు రోడ్డు తవ్వుతవా? నా ఉద్యోగం పోతే ఏం తింటం?"

అరిచి అరిచి ఆగిపోయాడు. పడుకున్నాక, "ఎందాక తీసినవ్?" అని అడిగాడు.

"చాంబర్ దాకా."

"ట్రాన్స్‌ఫార్మర్ దాకా తియ్యకపోయినవా" అన్నాడు. తలగడలో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

కొన్నాళ్ళకు ఆఫీసు వాళ్ళు మనుషులను పంపారు. పిల్ల అడిగిందే చేశారు. చాంబర్ మీద కాంక్రీటు మూత వేశారు, అది కూడా నేల కన్నా జానెడు ఎత్తున. పసుపు టైల్స్ ఊడిపోయిన చోట మళ్ళీ పసుపువి వేయలేదు. బజారు పొడుగునా మిగిలిన పసుపు టైల్స్ అన్నీ తీసేసి, బూడిదరంగువే వేసి పోయారు. గీత ఉంటే గొడవ వస్తోంది, గీతే లేకపోతే గొడవ లేదు. వాళ్ళ ప్రకారం పని పూర్తయింది.

నెల తిరిగేసరికి ఆ ఫుట్‌పాత్ మీద బండ్లు నిలపటం మొదలైంది. తర్వాత బుట్టలు, డబ్బాలు, టీ బల్లలు వచ్చాయి. ఒకరోజు మా మేడ మెట్ల కింద అడుగు పెడితే కాలికి రేకు పెట్టె తగిలింది. భాయ్ నన్ను చూసి చేస్తున్న పని ఆపాడు.

"అందరు పెడుతున్రు టీచరమ్మా. నేనొక్కన్ని లోపల పెట్టుకుంటే గిరాకీ కానొస్తలేదు" అన్నాడు. తల ఎత్తలేదు.

నా బిడ్డ కోసం మురికిలో దూకిన మనిషి. నాతో పాటు స్టేషన్లో కూర్చున్న మనిషి. నాకు కోపం కూడా రాలేదు. పెట్టెను కాలితో కొంచెం జరుపుకుని బయటికి పోయాను.

పిల్ల కాలు అతుక్కుంది. కట్టు విప్పాక కూడా అది కిందికి దిగలేదు. ఆ ఏడు పరీక్షలు రాయలేదు. అన్నం పెడితే తినేది, పిలిస్తే పలికేది, అంతే. మేడం ఇంకో కర్ర తెచ్చి ఇచ్చినా మడత విప్పలేదు. నేను ఇంట్లోనే నలుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పటం మొదలుపెట్టాను. వాళ్ళు పెద్దగా పాఠాలు చదువుతుంటే అది లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకునేది. ఆ నెలల్లో నాకు ఎట్లాంటి ఆలోచనలు వచ్చాయో ఇక్కడ రాయను. డాబా తలుపుకు మాత్రం తాళం వేసి, తాళంచెవి నా మెడలోని తాడుకు కట్టుకున్నాను.

ఎండాకాలం పోయి కాలేజీలు తెరిచాక, ఒక పొద్దున నేను కూరగాయలు తరుగుతుంటే అది స్నానం చేసి, బట్టలు మార్చుకుని, సంచి తగిలించుకుని వచ్చింది. చేతిలో కొత్త కర్ర ఉంది.

"కాలేజీకి పోతున్న."

"ఉండు, నేనొస్త. ఫుట్‌పాత్ నిండ సామాన్లున్నయి."

"ఫుట్‌పాత్ మీద పోను. రోడ్డు నడిమిట్ల పోత."

కత్తిపీట మీద చేయి ఆగిపోయింది. "పిచ్చి పట్టిందా నీకు? బండ్లు గుద్దుతయి."

"బండ్లకు కండ్లుంటయమ్మా. నడిపెటోడు చూస్తడు, తిడతడు, ఆగుతడు. గుంతకు కండ్లుండయి గదా."

ఎంత బతిమాలినా వినలేదు. మెట్లు దిగి, రేకు పెట్టెల పక్కనుంచి పోయి, తిన్నగా రోడ్డు మధ్యకు చేరి, కర్రను ముందుకు చాపి నడక మొదలుపెట్టింది. ఆటోలు హారన్లు కొట్టాయి. ఒక బైకు వాడు రాసుకుంటూ పోయి, వెనక్కి తిరిగి తిట్టాడు. ఒక ట్రాలీ ఆగిపోతే దాని వెనక బజారంతా ఆగిపోయింది. అది పక్కకు జరగలేదు. నడక వేగం పెంచలేదు, తగ్గించలేదు. నేను గోడ వారగా వెనకే నడిచాను. మలుపు దగ్గర ఆగింది.

"అమ్మా, నీ చెప్పుల సప్పుడు ఇనబడుతున్నది. ఇంటికి పో."

మరునాడు చెప్పులు లేకుండా నడిచాను. మళ్ళీ మలుపు దగ్గరే ఆగింది. ఈసారి వెనక్కి తిరిగింది. దాని కళ్ళు నా మీద లేవు, నాకు కొంచెం పక్కన ఉన్నాయి.

"ఎంత దూరమని వస్తవు? నువ్వు ఎనకున్నవంటే నాకు భయమైతది. నువ్వు నన్ను చూసి భయపడుతున్నవని తెలుస్తది. పో అమ్మా."

ఇప్పుడు మలుపు దాకే పోతాను. అక్కడి నుంచి అది ట్రాన్స్‌ఫార్మర్ పక్కగా పోయి బండ్ల మధ్యలో కలిసిపోతుంది. నాకు కనబడదు. హారన్లు వినబడతాయి. ఒకేచోట చాలా హారన్లు మోగితే అది అక్కడుందని, ఎవరో దాని కోసం ఆగారని తెలుస్తుంది. ఒక్కోరోజు బ్రేకు కీచుమంటుంది. గోడకు చేయి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడతాను. ఆ తర్వాత హారన్లు మళ్ళీ మామూలుగా, ఎక్కడివక్కడ మోగటం మొదలవుతాయి. అంటే కాలేజీ గేటు దాటి ఉంటుందని అనుకుంటాను. ట్యూషన్ పిల్లల పుస్తకాలు దిద్దే పని ఉంటుంది, ఇంటికి తిరుగుతాను.